అనాస్టమోసిస్ : నాళాల కలయికకు శాస్త్రం పెట్టిన పేరు

శస్త్రచికిత్స ముగిసి రోగిని ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివారు చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో తరచుగా కనిపించి, ఇంటిల్లిపాదికీ అంతుచిక్కకుండా ఉండిపోయే మాటలలో 'అనాస్టమోసిస్' ఒకటి. ప్రేగు ఆపరేషను అయినవారి కాగితంలో ఆ మాట ఉంటుంది. గుండెకు బైపాస్ చేయించుకున్నవారి కాగితంలోనూ అదే ఉంటుంది. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ చేయించుకొనేవారి కాగితంలోనూ అదే. ఒకే మాట ఇన్ని చోట్ల కనబడడంతో అది రోగం పేరో, మందు పేరో తెలియక తికమకపడేవారు ఎందరో. నిజానికి అది రోగమూ కాదు, మందూ కాదు. రెండు నాళాలు ఒకదానిలోనికి ఒకటి తెరుచుకొని కలిసిపోవడాన్నే శాస్త్రంలో అనాస్టమోసిస్ అంటారు. ఆ కలయిక పుట్టుకతో వచ్చినది కావచ్చును, జబ్బు వల్ల ఏర్పడినది కావచ్చును, వైద్యుడు సూదీ దారంతో కల్పించినదీ కావచ్చును.

ఈ మాట పుట్టుక గ్రీకు భాషలో ఉన్నది. 'స్టోమా' అంటే నోరు. దానికి 'అనా' అనే ఉపసర్గ చేరి, నోరు తెరుచుకొనుట, నోరు కల్పించుట అనే అర్థాన్నిచ్చే పదం ఏర్పడింది. రెండు గొట్టాలు నోటికి నోరు ఆనించుకొని ఉన్నట్లు ఊహించుకొంటే అర్థం స్ఫురిస్తుంది. తెలుగులో దీనిని 'నాళ సంధానం' అనవచ్చును. కొందరికి 'సంగమం' అనే మాట తోచవచ్చును గాని, అది అంతగా అతకదు. సంగమంలో రెండు ప్రవాహాలు కలిసి ఒక్కటై ముందుకు సాగిపోతాయి. అనాస్టమోసిస్‌లోని ముఖ్యమైన సంగతి వేరు. ఒక దారి మూసుకొనిపోయినా రెండవ దారి గుండా ప్రవాహం చేరగలగడం ఇందులో ఉన్నది. ఒక ఊరికి ఒకే బాట ఉండడానికీ, రెండు బాటలు ఉండి అవి ఊరిలో కలుసుకోవడానికీ ఎంత తేడా ఉన్నదో ఇక్కడా అంత తేడా ఉన్నది.

ఈ మాటను శరీరశాస్త్రంలో తొలుత వాడినవారిలో క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఎరాసిస్ట్రాటస్ ప్రసిద్ధుడు. సిరలలో మాత్రమే రక్తం ఉంటుందనీ, ధమనులలో 'న్యూమా' అనే ఒకవిధమైన జీవవాయువు ఉంటుందనీ ఆయన నమ్మకం. అయితే ధమని తెగితే రక్తమే కదా చిమ్ముతుంది? దానికి ఆయన చెప్పిన సమాధానం చమత్కారమైనది. ధమనులకూ సిరలకూ నడుమ కంటికి కనబడని సన్నని కలయికలున్నవనీ, ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి మూసుకొని ఉంటాయనీ, ధమని తెగి వాయువు బయటికి పోగానే ఆ ఖాళీలోనికి సిరలలోని రక్తం వాటి గుండా దూసుకువస్తుందనీ ఆయన వివరించాడు. వాయువు మాట తప్పు. కాని ధమనులకూ సిరలకూ నడుమ కనబడని దారి ఉన్నదన్న ఊహ మాత్రం సుమారు 1900 సంవత్సరాల తరువాత నిజమని తేలింది. తప్పుడు సిద్ధాంతం నుండి సరైన ఊహ పుట్టడం శాస్త్ర చరిత్రలో అరుదైన విషయమేమీ కాదు.

క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గేలన్ ధమనులలోనూ రక్తమే ఉంటుందని నిరూపించాడు. 1628లో ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే రక్తం గుండె నుండి ధమనుల గుండా బయలుదేరి సిరల గుండా తిరిగి గుండెకే చేరుతుందని గ్రంథం వ్రాసి ప్రకటించాడు. అయితే ధమని చివర నుండి సిర మొదటికి రక్తం ఎలా దాటుతున్నదో ఆయన చూడలేకపోయాడు. అప్పటికి తగిన సూక్ష్మదర్శిని ఆయనకు అందలేదు. హార్వే 1657లో కన్నుమూశాడు. నాలుగేళ్లు గడిచాక 1661లో ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తులలో కేశనాళికలను చూచి వర్ణించాడు. వెంట్రుక కన్నా సన్నని ఆ నాళాల వలయే ఎరాసిస్ట్రాటస్ ఊహించిన దారి.

ఇక మానవ శరీరంలో పుట్టుకతోనే ఉన్న సంధానాలలో అత్యంత ప్రసిద్ధమైనది మెదడు అడుగున ఉన్నది. మెదడుకు నాలుగు ధమనులు రక్తాన్ని చేరవేస్తాయి. మెడ ముందు భాగం నుండి రెండు, వెన్నుపూసల రంధ్రాల గుండా వెనుక నుండి రెండు. వెనుకటి రెండూ పైకి వెళ్లి ఒక్కటవుతాయి. ఆపైన ముందువాటికీ వెనుకవాటికీ, కుడివాటికీ ఎడమవాటికీ నడుమ చిన్న చిన్న కలుపు ధమనులుండి, అంతా కలిసి ఒక వలయంగా ఏర్పడుతుంది. ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్ 1664లో ప్రచురించిన మెదడు నిర్మాణ గ్రంథంలో దీనిని వివరించినందువల్ల దీనికి 'విల్లిస్ వలయం' అని పేరు వచ్చింది. ఆ గ్రంథానికి బొమ్మలు గీసినవారిలో, తరువాతి కాలంలో లండనులోని సెయింట్ పాల్ మహామందిరాన్ని నిర్మించిన వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ఉన్నాడు.

ఈ వలయాన్ని విల్లిస్ కన్నా ముందు చూచినవారు లేకపోలేదు. ఆయన గొప్పతనం దాని పనిని గ్రహించడంలో ఉన్నది. ఒక ధమనిలోనికి రంగునీటిని ఎక్కించి, అది అవతలి వైపు నాళాలకూ చేరుతున్నదని ఆయన గమనించాడు. వేరొక జబ్బుతో చనిపోయిన ఒక వ్యక్తి దేహాన్ని పరీక్షించినప్పుడు మెడలోని ఒక ప్రధాన ధమని పూర్తిగా పూడుకొనిపోయి కనిపించింది. అయినా ఆ మనిషి బ్రతికి ఉన్నంతకాలం పక్షవాతం లక్షణాలు లేవు. మిగిలిన దారులు ఆ లోటును భర్తీ చేశాయి. అయితే ఈ వలయం అందరిలోనూ పుస్తకంలోని బొమ్మలా సంపూర్ణంగా ఉండదు. చాలామందిలో ఏదో ఒక కలుపు ధమని దారంలా సన్నగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఒకే చోట, ఒకే విధంగా ధమని మూసుకొనిపోయిన ఇద్దరిలో ఒకరు మంచం పట్టి, మరొకరు కొద్దిపాటి తిమ్మిరితో బయటపడడానికి గల కారణాలలో ఇది ఒకటి.

చేతిలో ఉన్న సంధానాన్ని చూడడానికి కోత అవసరం లేదు. మణికట్టు వద్ద బొటనవ్రేలి వైపు ఒక ధమని, చిటికెనవ్రేలి వైపు ఒక ధమని ఉంటాయి. నాడి చూచేది బొటనవ్రేలి వైపు దానినే. ఈ రెండూ అరచేతిలోనికి వచ్చి విల్లు ఆకారంలో కలుసుకొంటాయి. పిడికిలి గట్టిగా బిగించి, రెండు ధమనులనూ నొక్కిపట్టి, పిడికిలి విప్పితే అరచేయి తెల్లగా పాలిపోయి ఉంటుంది. అప్పుడు చిటికెనవ్రేలి వైపు మాత్రమే వదిలితే కొద్ది క్షణాలలో అరచేయి మొత్తం తిరిగి ఎర్రబారుతుంది. 1929లో ఎడ్గార్ అలెన్ వర్ణించిన పద్ధతికి కొంత మార్పు చేసి నేటికీ వైద్యులు ఈ పరీక్షను చేస్తున్నారు. బైపాస్ కొరకు ముంజేతిలోని ధమనిని తీసుకోవలసివస్తే, మిగిలిన ఒక్క ధమని చేతిని పోషించగలదో లేదో ముందుగా తెలుసుకోవాలి కదా.

మోకాలు, మోచేయి, భుజం వంటి కీళ్ల చుట్టూ కూడా ఇటువంటి వలలున్నాయి. 1785లో లండనులోని శస్త్రవైద్యుడు జాన్ హంటర్ దీనిని గొప్పగా ఉపయోగించుకొన్నాడు. ఒక గుర్రపుబండి తోలేవాని మోకాలి వెనుక ధమని ఉబ్బి పెద్ద గడ్డగా తయారయింది. ఆ రోజులలో అటువంటివారికి కాలు తీసివేయడం పరిపాటి. హంటర్ కాలు తీయలేదు. గడ్డ జోలికి పోకుండా, పైన తొడలోని ధమనినే దారంతో బిగించి కట్టివేశాడు. ప్రధాన కాలువను మూసివేసిన తరువాత కాలు చచ్చుపడిపోవాలి. కాని పక్కనున్న చిన్న శాఖలు క్రమంగా వెడల్పై మోకాలు దాటించి రక్తాన్ని క్రిందికి చేర్చాయి. కాలు దక్కింది. మత్తుమందు లేని రోజులలో, సూక్ష్మజీవుల మాటే తెలియని రోజులలో జరిగిన సంగతి ఇది.

అన్ని అవయవాలకూ ఈ భాగ్యం లేదు. జర్మనీకి చెందిన యూలియస్ కోన్‌హైమ్ 1872లో, పొరుగు ధమనులతో కలయిక లేని వాటిని 'అంత్య ధమనులు' అని వేరుగా గుర్తించాడు. కంటిలోపలి నేత్రపటలాన్ని పోషించే ధమని దీనికి మంచి ఉదాహరణ. అది ఉన్నట్టుండి మూసుకొనిపోతే నొప్పి ఉండదు గాని ఆ కంటి చూపు నిమిషాలలో పోతుంది. నొప్పి లేదు గదా అని మరునాటి వరకు ఆగినవారికి చూపు తిరిగి రావడం కష్టం.

గుండె విషయం ఈ రెంటికీ నడుమ ఉన్నది. గుండె కండరాన్ని పోషించే ధమనుల మధ్య సన్నని కలయికలున్నమాట నిజమే. కాని హఠాత్తుగా ఒక ధమని మూసుకొన్నప్పుడు ఆ సన్నని దారులు కండరాన్ని కాపాడడానికి చాలవు. అందుచేత వాటిని 'పనిలో అంత్య ధమనులు' అంటారు. పూడిక నెమ్మదిగా, సంవత్సరాల తరబడి పెరిగితే మాత్రం కథ మారుతుంది. రక్తం కొరతపడుతున్న చోటికి ఆ సన్నని దారులు మెల్లమెల్లగా వెడల్పవుతాయి. కొందరు వృద్ధులలో ఒక ధమని పూర్తిగా పూడిపోయి ఉన్నప్పటికీ గుండె పనిచేస్తూ ఉండడానికి ఇదే కారణం. చిన్న వయసులో ఆకస్మికంగా వచ్చే గుండెపోటులో అటువంటి పక్కదారులు సిద్ధపడే వ్యవధి దొరకదు.

సంధానం ఉన్నంత మాత్రాన భయం లేదని కూడా అనుకోరాదు. పెద్దప్రేగును రెండు ధమనులు పైనుండి కొంత, క్రిందినుండి కొంత పంచుకొని పోషిస్తాయి. ఎడమవైపు ప్లీహం దగ్గర ప్రేగు వంపు తిరిగే చోట అవి కలుసుకొంటాయి. రెండు వైపుల నుండీ రక్తం వస్తున్నది గనుక ఆ చోటు అన్నిటికన్నా భద్రమైనదని తోస్తుంది. జరిగేది దీనికి విరుద్ధం. రక్తపోటు బాగా పడిపోయినప్పుడు మొదట దెబ్బతినేది తరచుగా ఆ వంపే. రెండు కాలువలకూ చివరి ఆయకట్టు అదే కాబట్టి! తుంగభద్ర కాలువల క్రింద చివరి పొలాలున్న బళ్లారి, అనంతపురం రైతులకు ఈ సంగతిని ఇంతకన్నా విడమరచి చెప్పనక్కరలేదు.

కీడు చేసే కలయికలూ ఉన్నాయి. ప్రేగుల నుండి రక్తం నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయానికి చేరి, అక్కడ వడకట్టబడిన తరువాత గుండెకు వెళుతుంది. మద్యం వల్లనో, కామెర్ల వైరస్‌ల వల్లనో కాలేయం గట్టిపడిపోతే ఆ రక్తానికి దారి బిగిసి వెనుకకు ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడది అన్నవాహిక అడుగున, బొడ్డు చుట్టూ, ఆసనం వద్ద ఉన్న చిన్నచిన్న సంధానాలను వెదుక్కొని పక్కదారి పడుతుంది. బొడ్డు చుట్టూ సిరలు పాముల్లా ఉబ్బి కనిపిస్తాయి. అంతకన్నా ప్రమాదకరమైనవి అన్నవాహికలో ఉబ్బిన సిరలు. అవి చిట్లితే రోగి గిన్నెల కొద్దీ రక్తం కక్కుకొంటాడు. దీనిని కడుపులో పుండుగా భావించి ఇంటివైద్యంతో కాలయాపన చేయడం ప్రాణాంతకం. అలాగే ఒకే మాయను పంచుకొనే కవలలలో, మాయలోని నాళాల కలయిక వల్ల ఒక శిశువు రక్తం రెండవ శిశువుకు తరలిపోయే స్థితి కొన్నిసార్లు ఏర్పడుతుంది. ఆ కలయికలను గర్భంలోనే లేజరు కిరణంతో మూసివేసే చికిత్స ఇప్పుడు ఉన్నది.

ప్రకృతిని చూచి మనిషి నేర్చుకొన్న సంధానాలకు వస్తే, ప్రేగును కుట్టడంలో తొలి మెట్టు ఫ్రాన్సుకు చెందిన ఆంట్వాన్ లాంబేర్ 1826లో వేశాడు. తెగిన అంచులను లోపలికి మడిచి, ప్రేగు బయటి పొరలు ఒకదానికొకటి ఆనేటట్లు కుడితే అవి త్వరగా అంటుకొంటాయని ఆయన చూపాడు. 1881లో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ క్యాన్సరు సోకిన జీర్ణాశయ భాగాన్ని తొలగించి మిగిలిన భాగాన్ని చిన్నప్రేగుకు కలిపి కుట్టాడు. ఆ కుట్టు నిలిచింది. రోగి మరి కొన్ని నెలలు జీవించి, తిరగబెట్టిన క్యాన్సరుతో మరణించింది.

రక్తనాళాలను కుట్టడం ఇంకా కష్టం. కుట్టు వద్ద రక్తం గడ్డకట్టి దారి మూసుకొనిపోతుంది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకు గురై, పెద్ద సిర తెగి మరణించాడు. తెగిన నాళాన్ని కుట్టగల వైద్యుడు ఆనాడు లేడు. ఆ నగరంలోనే వైద్యం చదువుకొంటున్న అలెక్సిస్ కారెల్ ఈ సమస్యను పట్టుకొన్నాడు. పట్టుబట్టల మీద అల్లికపని చేసే ఒక స్త్రీ వద్ద సన్నని సూదితో కుట్టడం అభ్యసించి, 1902లో తన పద్ధతిని ప్రకటించాడు. గుండ్రటి నాళపు నోటికి మూడు చోట్ల దారాలు వేసి లాగితే అది త్రిభుజంగా మారుతుంది. ఒక్కొక్క భుజాన్నీ చక్కని గీతలా కుట్టుకొని పోవచ్చును. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అవయవ మార్పిడి, గుండె బైపాస్ అన్నీ ఈ కుట్టు మీదనే ఆధారపడి ఉన్నాయి. 1960లో అమెరికాలో జూలియస్ జేకబ్‌సన్ సూక్ష్మదర్శిని క్రింద చిన్న నాళాలను కుట్టి చూపించగా, 1965లో జపాన్ వైద్యులు పూర్తిగా తెగిన బొటనవ్రేలిని తిరిగి అతికించగలిగారు. 1967లో రెనే ఫవలోరో కాలిసిరను తీసి గుండె ధమనికి బైపాస్‌గా అమర్చే పద్ధతిని నెలకొల్పాడు.

డయాలిసిస్ రోగులకు మేలుచేసిన సంధానం 1966 నాటిది. రక్తాన్ని యంత్రానికి పంపడానికి వారంలో రెండు మూడు సార్లు పెద్ద సూదులు గుచ్చాలి. సిరలో అంత ప్రవాహం ఉండదు, ధమనిని మాటిమాటికీ గుచ్చరాదు. బ్రెషియా, చిమినో అనే అమెరికా వైద్యులు, వారి సహచరులు మణికట్టు వద్ద ధమనిని సిరతో కలిపివేశారు. ధమని ఒత్తిడికి ఆ సిర కొన్ని వారాలలో లావై, గోడ దళసరియై సూదికి అనువవుతుంది. దీనినే 'ఫిస్టులా' అంటారు. దాని మీద వ్రేళ్లు ఆనిస్తే తుమ్మెద రొదలాంటి అదురు తెలుస్తుంది. ఆ అదురు ఆగిపోతే నాళం మూసుకొన్నదని అనుమానించి వెంటనే వైద్యుని కలవాలి. ఆ చేతికి రక్తపోటు పట్టీ చుట్టనీయరాదు, పరీక్షలకు రక్తం తీయనీయరాదు, ఆ చేతి మీద బరువు వేసుకొని నిద్రించరాదు.

ఈ మాట శరీరానికే పరిమితం కాలేదు. రావి ఆకును నీటిలో నానవేసి పచ్చదనం కుళ్లిపోయాక చూస్తే మిగిలే ఈనెల వల అంతా అనాస్టమోసిసే. పురుగు ఒకచోట కొరికినా పక్క ఈనెల గుండా నీరు చుట్టు తిరిగి చేరుతుంది. గింకో అనే పురాతన వృక్షజాతి ఆకులో ఈనెలు చీలుతాయేగాని తిరిగి కలియవు. అందుచేత ఒక ఈనె తెగితే దాని అవతలి భాగానికి నీరు అందదు. ఈనెల వలలోని ఇటువంటి వలయాలు గాయాలను తట్టుకోవడానికీ, నీటి అవసరంలోని హెచ్చుతగ్గులకు సర్దుకోవడానికీ తోడ్పడతాయని 2010లో భౌతిక శాస్త్రజ్ఞులు గణితంతో చూపించారు. శిలీంధ్రాల దారపు పోగులు ఒకదానితో ఒకటి అతుక్కోవడాన్నీ ఇదే పేరుతో పిలుస్తారు. నరాల మధ్య కలయికలకు కూడా కొందరు ఈ మాట వాడుతారు గాని, నరంలో బోలు లేదు గనుక నోటి మాటే రాదు. అక్కడ ఈ ప్రయోగం అంత సమంజసం కాదు.

నదుల విషయంలోనూ పదం ఉన్నది. ఏరు పాయలుగా చీలి, నడుమ చెట్లు పెరిగిన స్థిరమైన దీవులను విడిచి, తిరిగి కలుస్తూ పోతే దానిని అనాస్టమోసింగ్ నది అంటారు. ఆస్ట్రేలియాలోని కూపర్ క్రీక్ దీనికి పేరుపడినది. ఇసుకతిన్నెల నడుమ ఏటేటా దారి మార్చుకొనే జడపాయల నదులు వేరు. పాయలు విడివడి మళ్లీ కలిసే రూపాన్ని మన కావేరి కర్ణాటకలో శ్రీరంగపట్టణం వద్దా, దిగువన శివనసముద్రం వద్దా చూపుతుంది. శివనసముద్రపు జలపాతాల వద్ద పుట్టిన విద్యుత్తే 1902లో కోలారు బంగారు గనులకు చేరింది. ధవళేశ్వరం దిగువ గోదావరి మాత్రం అనాస్టమోసిస్ కాదు. గౌతమి యానాం మీదుగా, వసిష్ఠ తన దారిన, మరల కలవకుండా సముద్రం చేరుతాయి. అది చీలిక మాత్రమే.

డిశ్చార్జి కాగితాల వద్దకే తిరిగి వస్తే, అందులో 'ఎండ్ టు ఎండ్' అని ఉంటే రెండు నాళాల కొసలను ఎదురెదురుగా కుట్టారని అర్థం. 'ఎండ్ టు సైడ్' అంటే ఒకదాని కొసను రెండవదాని పక్కన రంధ్రం చేసి అతికారని అర్థం. గుండె బైపాస్‌లో ఎక్కువగా ఉండేది రెండవదే. 'అనాస్టమోటిక్ లీక్' అంటే ప్రేగు కుట్టు నుండి లోపలి పదార్థం పొట్టలోనికి కారుతున్నదన్నమాట. ఇది చాలా సందర్భాలలో ఆపరేషను అయిన వారం లోపల, ఒక్కొక్కప్పుడు ఇంటికి వచ్చాక కూడా బయటపడుతుంది. జ్వరం, తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, వేగంగా కొట్టుకొనే నాడి, పొట్ట ఉబ్బరం కనిపిస్తే మరునాటి కొరకు చూడక ఆపరేషను జరిగిన ఆసుపత్రికే పోవాలి. సరిహద్దు దాటి వేలూరుకో బెంగుళూరుకో వెళ్లి ఆపరేషను చేయించుకొన్నవారు, దూరమని సంకోచించి రోజులు గడపడం కన్నా, ముందు దగ్గరి పెద్దాసుపత్రిలో ఆ కాగితాన్ని చూపడం మేలు. కాగితంలోని ఆ ఒక్క మాటతో అక్కడి వైద్యునికి సగం సంగతి తెలిసిపోతుంది.

కుట్టు నిలుస్తుందన్న నమ్మకం తక్కువగా ఉన్నప్పుడు శస్త్రవైద్యులు ప్రేగు కొసను పొట్ట మీదికి తెచ్చి తాత్కాలికంగా తెరిచి ఉంచుతారు. దాని పేరు కూడా 'స్టోమా'యే, అదే గ్రీకు నోరు. క్రింది కుట్టు మానిన తరువాత, సాధారణంగా కొన్ని వారాలకో నెలలకో, దానిని మూసివేస్తారు. ఆ మూసివేతలో ప్రేగును తిరిగి ప్రేగుతో కలిపేదీ మరొక అనాస్టమోసిసే గనుక, రెండవసారి ఇంటికి తెచ్చుకొనే కాగితంలోనూ అదే మాట ఉంటుంది.